చేపకంటే ముందు మొద్దును చూపాలి
తెప్పకు ఫిష్‌ఫైండర్ అమర్చే తీరు వేరు

బోథ్: తాడుకు రాయి కట్టి నీళ్ళలోకి వదిలి "రెండు నిలువులుంది, మూడు నిలువులుంది" అని లోతు చూసుకోవటం బెస్తలకు తాతల నాటి విద్య. ఆ పనిని తెర మీద చూపించే యంత్రం ఇప్పుడు చిన్న పడవలకూ దొరుకుతోంది. దాని పేరు ఫిష్‌ఫైండర్. అయితే దానితో వచ్చే కాగితాల్లో రాసింది రాసినట్టు చేస్తే మన తెప్పల మీద అది గుడ్డిదే అవుతుంది. కారణం చిన్నదే గాని, తెలియకపోతే వేల రూపాయలు నీళ్ళపాలు.

బోథ్, నేరడిగొండ అడవుల వాగులు కడెం నదిలో కలుస్తాయి. ఆ నీరు కుంటాల వద్ద దూకి, నిర్మల్ జిల్లాలోని కడెం జలాశయానికి చేరుతుంది. 2022, 2023 జూలై నెలల్లో ఈ ప్రాజెక్టును గడగడలాడించిన వరదలు అందరికీ గుర్తే. అంతటి వరద మట్టినీ మొద్దులనూ ఈడ్చుకురాక మానదు. నిరుటి లోతు ఈ ఏటి లోతు కాదు. మొద్దుకు వల తగులుకుంటే చిరగటమే కాదు, దాన్ని విడిపించబోయి మనిషి తెప్ప అంచు మీదికి వంగుతాడు. అసలు ప్రమాదం అక్కడే వుంది.

యంత్రంలో కీలకం తెర కాదు, ట్రాన్స్‌డ్యూసర్ అనే అరచేతిలో ఇమిడే నల్ల బిళ్ళ. అది చెవికి వినపడని శబ్దాన్ని నీటిలోకి పంపి, అడుగుకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది. 15 మీటర్ల లోతుకు వెళ్ళి రావటానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. చేప కడుపులోని గాలితిత్తి ప్రతిధ్వనిని బాగా ఇస్తుంది కనుక చేప తెర మీద వంపు గీతగా కనపడుతుంది. జపానులో ఫురునో సోదరులు 1948లో సముద్రపు పడవల కోసం తెచ్చిన విద్య ఇదే.

గాలి చేపను పట్టిస్తుంది, అదే గాలి యంత్రాన్ని చెడగొడుతుంది. బిళ్ళకూ నీటికీ మధ్య గాలి వుంటే శబ్దం అక్కడే తిరగబడుతుంది.

కయాక్ అనే ప్లాస్టిక్ పడవ వున్నవారు బిళ్ళను లోపలి అడుగునే అంటించవచ్చు. గట్టి ప్లాస్టిక్ గుండా శబ్దం పోతుంది, కాస్త బలం తగ్గుతుంది, అంతే. ముందు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచిని అడుగున పెట్టి, అందులో బిళ్ళను వుంచి, తాడు లెక్కతో తెర లెక్క సరిపోతుందో లేదో చూసుకోవాలి. సరిపోయిన చోటును గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, ఎపాక్సీ జిగురును బుడగలు రాకుండా మెల్లగా కలిపి పోయాలి. బిళ్ళను కొంచెం తిప్పుతూ నొక్కి ఒక రోజంతా కదపకుండా వదలాలి. ఇలా బిగిస్తే యంత్రం చూపే వేడి పడవ అడుగుదే గాని నీటిది కాదని గుర్తుంచుకోవాలి.

మన థర్మాకోల్ తెప్పకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. థర్మాకోల్‌లో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా గాలే. లారీ ట్యూబు సంగతీ అంతే. దాని మీద ఎంత మంచి జిగురు పోసినా తెరపై పిచ్చి గీతలే వస్తాయి. తెప్ప పక్కన వెదురుకర్రనో పైపునో నిలువుగా కట్టి, దాని కొసన బిళ్ళను నీటిలోకి జానెడు లోతున వుంచాలి. బిళ్ళ ముఖం నేరుగా కిందికి చూడాలి. తెడ్డు వేసే పక్క కట్టకూడదు, తెడ్డు బుడగలు లేపుతుంది. ఒడ్డుకు చేరేటప్పుడు కర్రను పైకి లేపే వీలుండాలి, లేకుంటే మొదటి మొద్దుకే బిళ్ళ ఊడుతుంది. మిగిలిన వైరును కత్తిరించక చుట్టి కట్టుకోవాలి. 12 ఓల్టుల చిన్న బ్యాటరీ ఒక పూటకు సరిపోతుంది. దాన్ని మూత డబ్బాలో వుంచి, ఎర్ర వైరుకు ఫ్యూజు తప్పక వేయాలి.

యంత్రం అన్నీ చూస్తుందనుకుంటే పొరపాటు. 20 డిగ్రీల కోణం గల బిళ్ళ 10 మీటర్ల లోతున మూడున్నర మీటర్ల వెడల్పునే చూస్తుంది. 3 మీటర్ల లోతులో అది ఒక్క మీటరే. నాచులో, గడ్డిలో దాగే కొర్రమట్టను పట్టటానికి దీన్ని కొనటం దండగ. లోతు నీటి బొచ్చె, రవ్వలకైతే కొంత వుపయోగం వుంది. అంతకంటే పెద్ద వుపయోగం అడుగు ఆనవాళ్ళు తెలియటం.

అందుకని మనిషికొకటి కొనవలసిన పని లేదు. మత్స్యకారుల సంఘానికి ఒకటి వుంటే చాలు. వేసవిలో నీరు తగ్గినప్పుడు కనపడే మొద్దులకు గుర్తులు కట్టుకొని, కనపడని వాటిని జలాశయం నిండాక తెప్ప మెల్లగా నడుపుతూ తెర మీద పట్టుకోవచ్చు. దొరికిన ప్రతి చోటా ఒక ఖాళీ డబ్బాకు తాడు, రాయి కట్టి వదిలితే, యంత్రం లేనివారి వలలు కూడా ఆ చోటును తప్పించుకుంటాయి.