విద్యార్థులలో వ్యాపార సంకల్పం: దాని మూలాలు

“వ్యాపారం చేస్తే బాగుంటుంది” అనుకోవడం కోరిక. “చదువు ముగిశాక ఫలానా వ్యాపారం ప్రారంభించాలి” అని నిశ్చయించుకోవడం సంకల్పం. నియ్యత్ అనే పదం తెలిసిన పాఠకులకు ఈ భేదాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. నమాజుకైనా, రోజాకైనా మనసులో నిర్ణయం ఉండాలే గాని నోటిమాట చాలదని వారెరుగుదురు. విద్యార్థులలో కొందరికే స్వంత వ్యాపారం పెట్టాలనే సంకల్పం ఎందుకు కలుగుతున్నది, ఎక్కువమందికి ఎందుకు కలగడం లేదు అనే ప్రశ్నను పరిశోధకులు కూడా ఈ భేదం మీదనే నిలబెట్టి పరిశీలిస్తున్నారు.

పూర్వం దీనికి ఒక సులభమైన సమాధానం ఉండేది: వ్యాపారదక్షత పుట్టుకతోనో, కులవృత్తిగానో రావాలి. ఈ అభిప్రాయాన్ని సడలించిన ఒక ప్రయోగం ఆంధ్రదేశంలోనే జరిగింది. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో కొద్దిరోజుల శిక్షణ ఏర్పాటు చేశాడు. ఏదైనా సాధించాలనే తపనను పెంచడమే ఆ శిక్షణ ధ్యేయం. శిక్షణ పొందినవారు తర్వాత కొత్త పనులకు పూనుకోవడంలో, పెట్టుబడి పెంచడంలో ఇతరులకంటె చురుకుగా ఉన్నారని ఆయన డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ప్రకటించిన గ్రంథంలో చూపాడు. సంప్రదాయ విశ్వాసాలు ఇందుకు అడ్డు రాలేదన్నది గమనార్హం. అయితే వారంతా అప్పటికే అంగడిలో కూర్చున్నవారు. కళాశాల బల్లమీద కూర్చున్నవాని సంగతి వేరు.

ఆ రెండవవాని మనసును అర్థం చేసుకోవడానికి నేడు ఎక్కువగా వాడుతున్నవి రెండు సిద్ధాంతాలు. 1982లో షాపిరో, సోకోల్ అనే పండితులు వ్యాపారం తనకు ఇష్టమైనదిగా తోచాలి, తనవల్ల సాధ్యమనీ తోచాలి, ఆపైన జీవితంలో ఏదో ఒక కుదుపు మనిషిని కదిలించాలి అన్నారు. ఉద్యోగం పోవడం, ఊరు విడవడం అటువంటి కుదుపులు. 1991లో ఐసెక్ ఐజెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సంకల్పానికి మూడు ఆధారాలున్నాయని వివరించాడు: ఆ పని పట్ల మనిషికి గల వైఖరి, తనవారు ఏమనుకుంటారన్న ఎరుక, ఆ పని తన అదుపులో ఉందన్న నమ్మకం. ఈయన సిద్ధాంతం వ్యాపారాన్ని గురించి మాత్రమే కాక మానవ ప్రవర్తననంతటినీ ఉద్దేశించినది.

తనవారి అభిప్రాయమే అన్నిటికంటె బలమైనదని ఎవరికైనా తోస్తుంది. లిన్యాన్, చెన్ అనే పరిశోధకులు స్పెయిన్, తైవాన్ దేశాలలో 519 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితం మరోవిధంగా ఉంది. ఇంటివారి అభిప్రాయం సంకల్పాన్ని నేరుగా కదిలించలేదు. ముందు విద్యార్థి వైఖరిని, ఆత్మవిశ్వాసాన్ని మలచి, వాటి ద్వారా పనిచేసింది. “వ్యాపారం మనకెందుకురా, చిన్నదైనా సర్కారు నౌకరీ చూసుకో” అని అబ్బాజాన్ రోజూ అంటూ ఉంటే, కొన్నాళ్ళకు ఆ మాట కుమారునికి తన సొంత అభిప్రాయంలాగే వినిపిస్తుంది. అమ్మాయిల విషయంలో ఈ మాట ఇంకా ముందుగానే మొదలవుతుంది.

మాటకంటె ఇంట్లో కనిపించే బ్రతుకు ప్రభావం ఎక్కువ. స్వీడన్‌లో దత్తత పిల్లల వివరాలను పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పిల్లలు వ్యాపారంలోకి రావడంలో కన్నవారి ప్రభావంకంటె పెంచినవారి ప్రభావం దాదాపు రెండింతలు. అయితే వ్యాపారి కొడుకు వ్యాపారే అవుతాడని దీనివల్ల తీర్మానించరాదు. నారిస్ క్రూగర్ 1993లోనే ఒక సూక్ష్మాన్ని తెలిపాడు. వ్యాపారంతో పరిచయం ఎంత విస్తృతమైనది అన్నదాన్నిబట్టి “నావల్ల అవుతుంది” అనే నమ్మకం కలుగుతుంది. ఆ పరిచయం తీపిదా, చేదుదా అన్నదాన్నిబట్టి ఇష్టం కలుగుతుంది.

భారతీయ ముస్లిం కుటుంబాలకు ఈ సూక్ష్మం బాగా వర్తిస్తుంది. స్వయం ఉపాధిపై ఆధారపడినవారి పాలు ముస్లిం శ్రామికులలో ఇతరులకంటె ఎక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూపింది. అంటే వ్యాపారంతో పరిచయానికి కొదవ లేదు. కాని ఆ పరిచయం తోపుడుబండి, సైకిల్ రిపేరు, కుట్టుపని, అప్పులవాని తగాదా రూపంలో జరిగితే, చదువుకున్న పిల్లవాడు వ్యాపారాన్ని గత్యంతరం లేనివాని పనిగా చూస్తాడు. అతనిలో చొరవ లేదనడం అన్యాయం. అతడు చూసింది అదే.

పెట్టుబడి సమస్య దీనికి తోడవుతుంది. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను బ్యాంకులు అప్పులివ్వదగని ప్రాంతాలుగా పరిగణించాయని అదే నివేదిక పేర్కొన్నది. వడ్డీ అప్పు వద్దనుకున్న విద్యార్థికి దారి ఇంకా ఇరుకు. ముదారబా పద్ధతిలో ఒకరు ధనం పెడితే మరొకరు శ్రమ పెడతారు. లాభాన్ని ముందు ఒప్పుకున్న వంతున పంచుకుంటారు. పనివాని నిర్లక్ష్యం లేనప్పుడు నష్టం ధనం పెట్టినవానిదే, పనివానికి శ్రమ వృథా అవుతుంది. చేతిలో పైసా లేని యువకునికి ఇంతకంటె అనువైన ఏర్పాటు అరుదు. కాని లెక్కలు తేటగా రాసి చూపగలవానినే ధనవంతుడు నమ్ముతాడు. ఆ లెక్కలు చాలా కళాశాలలలో పరీక్ష కోసం తప్ప నేర్పరు.

మరి వ్యాపార పాఠాలు పెడితే సరిపోతుందా? నెదర్లాండ్స్‌లో విద్యార్థులచేత చిన్న కంపెనీ నడిపించిన ఒక కార్యక్రమాన్ని ఓస్టర్‌బీక్, ఆయన సహచరులు పరిశీలించి, అది ముగిసేసరికి సంకల్పం పెరగడానికి బదులు తగ్గిందని 2010లో ప్రకటించారు. దీన్ని వైఫల్యమనడం తొందరపాటే కావచ్చు. తమకు సరిపడదని ముందే తెలుసుకున్నవారు తండ్రి సొమ్ము పోగొట్టుకోకుండా తప్పించుకున్నారు. ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పినట్లు, తానే చేసి నెగ్గిన అనుభవం కలిగించినంత నమ్మకాన్ని ఉపన్యాసాలు కలిగించలేవు. చేసి ఓడిన అనుభవం ఆ నమ్మకాన్ని తగ్గిస్తుంది కూడా.

సంకల్పం కలిగినంత మాత్రాన దుకాణం తెరుచుకోదు. ఆస్ట్రియా, ఫిన్లాండ్ దేశాలలో వయోజనులపై జరిపి 2015లో ప్రకటించిన పరిశీలనలో, ఎవరు పనికి దిగారు, ఎవరు దిగలేదు అన్న తేడాలో 31 శాతాన్ని మాత్రమే సంకల్పం, అదుపు భావన కలిసి వివరించగలిగాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకున్నవారు మాట నిలబెట్టుకోవడం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు తెలుపుతున్నాయి. “ఎప్పుడైనా బట్టల వ్యాపారం పెడతాను” అన్న విద్యార్థికంటె, “వచ్చే వేసవి సెలవుల్లో మామూజాన్ కొట్లో మొదటి రోజునుండే జమాఖర్చులు రాస్తాను” అన్నవాడు అంగడికి దగ్గరగా ఉన్నాడు.