ఎవరి పేజీ ఎవరికి: కాష్ కథ

ఒకసారి తెచ్చినదాన్ని దగ్గరే దాచుకుని, మళ్లీ అడిగితే వెంటనే ఇచ్చేదే కాష్. అందులో తప్పు దొర్లితే ఏదీ ఆగిపోదు. సర్వరు నడుస్తూనే ఉంటుంది, లాగ్‌లలో ఎర్రర్ ఒక్కటీ కనబడదు, పేజీలు చకచకా తెరుచుకుంటాయి. కాకపోతే ఒకరికి వెళ్లాల్సిన పేజీ ఇంకొకరికి వెళ్తుంది.

2015 క్రిస్మస్ నాడు వీడియో గేములు అమ్మే స్టీమ్ దుకాణంలో ఇదే జరిగింది. పండగ అమ్మకాలు జోరుగా సాగుతుండగా ఎవరో దాని సర్వర్ల మీద దాడి చేశారు. రద్దీ ఇరవై రెట్లకు పైగా పెరిగింది. దాన్ని తట్టుకోవడానికి కాష్ అమరికలు మార్చారు. అలా మార్చినవాటిలో ఒకటి, లాగిన్ అయినవాళ్ల సొంత పేజీలను కూడా దాచిపెట్టి, అడిగినవాళ్లకల్లా ఇచ్చేసింది. దాదాపు గంటన్నర పాటు కొందరికి దుకాణం తమకు రాని భాషలో కనబడింది. ఇంకొందరికి ముక్కూమొహం తెలియనివాళ్ల బిల్లింగ్ చిరునామా, ఈమెయిల్, కొన్న సరుకుల జాబితా, కార్డు నంబరులో చివరి రెండంకెలు కనబడ్డాయి. 34 వేల మంది వివరాలు ఇలా బయటపడి ఉండవచ్చని స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థే చెప్పింది. పాస్‌వర్డులు, పూర్తి కార్డు నంబర్లు మాత్రం బయటికి రాలేదు.

ఈ కాష్ పుట్టినప్పుడు ఇంత ప్రమాదకరమైనది కాదు. 1965లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ఒక చిన్న వ్యాసం రాశారు. పెద్ద మెమరీ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి దాని ముందు చిన్నదీ వేగమైనదీ ఇంకొకటి పెట్టి, ఇటీవల వాడిన సమాచారాన్ని అందులో ఉంచుకుందామన్నది ఆయన ఆలోచన. 1968లో ఐబీఎమ్ తన సిస్టమ్/360 మోడల్ 85లో ఆ పని చేసి చూపింది. ఆ కాష్ 16 కిలోబైట్లు, కావాలంటే 32. ఇవాళ ఫోనులో తీసుకునే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా ప్రాసెసరు అడిగినదాంట్లో చాలా భాగం అక్కడే దొరికేది.

అక్కడ పొరపాటుకు చోటు తక్కువ. ప్రాసెసరు అడిగేది ఒక మెమరీ అడ్రసు, అంతే. ఎవరు అడిగారు, ఏ భాషలో అడిగారు అన్న ప్రశ్నలే లేవు. దాచిన ప్రతిదానికీ గుర్తుగా పెట్టే ‘కీ’ ఆ అడ్రసే. అసలు కాష్ మంచిచెడ్డలన్నీ ఈ కీలోనే ఉన్నాయని నా నమ్మకం. ఊరందరి బట్టలూ ఒకే రేవుకు చేరే రోజుల్లో రజకులు ప్రతి బట్ట అంచునా నల్లజీడితో ఇంటికో గుర్తు పెట్టేవారు. రెండిళ్లకు ఒకే గుర్తు పడితే ఎంత శుభ్రంగా ఉతికినా చీర పక్కింటికి చేరేది.

వెబ్‌లోకి వచ్చేసరికి ఆ గుర్తు కష్టమైంది. 1994లో సెర్న్ పరిశోధనా కేంద్రంలో వెబ్ ప్రాక్సీకి, అంటే మధ్యవర్తి సర్వరుకు, కాష్ జోడించినప్పుడు పేజీలు చాలావరకు అందరికీ ఒకేలా ఉండేవి, యూఆర్‌ఎల్ ఒక్కటే కీగా సరిపోయేది. తర్వాత లాగిన్లు, వచ్చినవాళ్లను గుర్తుపట్టే కుకీలు, భాషలు వచ్చాయి. ఒకే యూఆర్‌ఎల్‌కు పదిమందికి పది జవాబులు. అందుకే 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లో ‘వేరీ’ అనే హెడర్ (అభ్యర్థనలకూ జవాబులకూ తగిలించే చిన్న సూచన) పెట్టారు. ‘ఈ జవాబు యూఆర్‌ఎల్ మీదే కాదు, ఫలానా హెడర్ మీద కూడా ఆధారపడింది, కలిపి దాచు’ అని కాష్‌కు సర్వరు చెప్పే మాట అది.

ఆ తర్వాత వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు పేజీని ముక్కలు చేశాయి. ధర ఒక ముక్క, బుట్ట ఒక ముక్క, వ్యాఖ్యలు ఒక ముక్క. వీటినే కాంపొనెంట్లు అంటున్నాం. రూబీ ఆన్ రైల్స్ అనే ఫ్రేమ్‌వర్కు ఇలాంటి ముక్కలను విడివిడిగా దాచడం ఏనాడో నేర్పింది. అక్కడ చాలామంది ప్రోగ్రామర్లకు ఎదురయ్యే తప్పు ఒకటుంది. వ్యాఖ్య పెట్టెలో అడ్మిన్‌కు మాత్రమే కనబడాల్సిన ‘తొలగించు’ బటన్ ఉంటుంది. కాష్ ఖాళీగా ఉన్నప్పుడు మొదట అడ్మినే ఆ పేజీ తెరిస్తే, బటన్‌తో సహా ఆ పెట్టె కాష్‌లో పడుతుంది. ఆపైన వచ్చిన ప్రతివాళ్లకూ ఆ బటన్ కనబడుతుంది. బటన్ నొక్కితే సర్వరు ఒప్పుకోకపోవచ్చు. అదే హోల్‌సేల్ వ్యాపారికిచ్చే ప్రత్యేక ధర అయితే? ప్రోగ్రామరు తన ల్యాప్‌టాప్‌లో ఒక్కడే, ఒకే లాగిన్‌తో పరీక్షిస్తాడు కాబట్టి ఇది బయటపడదు. రెండో మనిషి వచ్చాకే బయటపడుతుంది.

2020 డిసెంబరులో పేజీలను కాంపొనెంట్లతో కట్టే రియాక్ట్ బృందం సర్వర్ కాంపొనెంట్లను, అంటే సర్వరులోనే తయారయ్యే ముక్కలను, పరిచయం చేసింది. ఆ దారిలో నడిచిన నెక్స్ట్.జెఎస్ అనే ఫ్రేమ్‌వర్కులో ఒక పేజీకి రెండు రూపాలుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ల బ్రౌజర్‌కు పూర్తి హెచ్‌టీఎమ్‌ఎల్ కావాలి. అప్పటికే సైట్‌లో ఉండి లింకు నొక్కినవాళ్ల బ్రౌజర్‌కు కాంపొనెంట్ల వివరం చాలు. దాన్ని అడిగేటప్పుడు ‘ఆర్‌ఎస్‌సీ’ అనే ఒక చిన్న హెడర్ చేరుస్తుంది. 15.3.0 నుంచి 15.3.2 దాకా వచ్చిన వెర్షన్లలో కొన్ని సందర్భాల్లో ఆ తేడా చెప్పే వేరీ హెడర్ పడిపోయింది. సైటుకూ చూసేవాళ్లకూ మధ్యలో ఉండి పేజీలను దాచి అందించే సీడీఎన్ ఆ వివరాన్నే దాచుకుని, హెచ్‌టీఎమ్‌ఎల్ అడిగినవాళ్లకు ఇచ్చే వీలు ఏర్పడింది. అలాంటప్పుడు తెరమీద పేజీకి బదులు బ్రాకెట్లు, కోలన్లు, డాలర్ గుర్తులతో నిండిన అక్షరాల బారు కనిపిస్తుంది. సైటు సొంతదారు తన కోడ్ ఎంత వెతికినా తప్పు దొరకదు. తప్పు ఫ్రేమ్‌వర్కుది, దాచింది ఇంకెవరిదో సర్వరు. 15.3.3లో దీన్ని సరిచేశారు.

ఇంతకన్నా పెద్ద తప్పు మొదట్లో చేసిన నిర్ణయమే అంటాను. నెక్స్ట్.జెఎస్ 13, 14 వెర్షన్లలో యాప్ రౌటర్ అనే కొత్త పద్ధతి వాడితే, సర్వరులో తెచ్చుకున్న సమాచారాన్ని ప్రోగ్రామరు అడగకపోయినా కాష్ చేసేది. తనకు తెలియకుండా దాచినదానికి కీ ఏమిటో ఆ ప్రోగ్రామరు ఎలా ఆలోచిస్తాడు? 2024 అక్టోబరులో వచ్చిన 15వ వెర్షన్ దాన్ని తిరగేసింది, అడిగితేనే దాస్తుంది. ఆ తర్వాత తెచ్చిన ‘యూజ్ కాష్’ పద్ధతిలో, ఫంక్షనుకు అందిన విలువలను, అది బయటినుంచి వాడుకున్న చరరాశులను కంపైలరే గుర్తించి కీలో కలుపుతుంది. దాచే భాగం లోపల నేరుగా కుకీని చదవబోతే అక్కడికక్కడే ఎర్రర్ చూపిస్తుంది. కుకీలోని విలువ నిజంగా కావాలంటే బయట చదివి ఫంక్షనుకు అందించాలి, అప్పుడు అదీ కీలో చేరుతుంది.

బయటి సీడీఎన్‌ల సంగతి వేరే. వాటిలో కొన్ని వేరీ హెడర్‌ను పూర్తిగా పట్టించుకోవు. అందుకే నెక్స్ట్.జెఎస్ కాంపొనెంట్ల వివరం అడిగేటప్పుడు యూఆర్‌ఎల్ చివర కూడా ఒక చిన్న తోక తగిలిస్తోంది. హెడర్లు చదవని కాష్ కూడా యూఆర్‌ఎల్ చదవక తప్పదు కదా.