మధ్యలో చల్లగా

మైక్రోవేవ్ ఓవెన్ గురించి మన ఇళ్లలో వినిపించే అనుమానాలన్నీ ఒకే కోవవి. అది తిండిలో సారాన్ని చంపేస్తుందట, పదార్థాన్ని విషంగా మారుస్తుందట, కిరణాలు ఒంట్లోకి దూరి కేన్సర్ తెస్తాయట. అంటే, ఆ పెట్టె చేయరానిదేదో చేస్తోందన్న భయం. ఆ పెట్టె ఎక్కడ పుట్టిందో, దాని లోపల ఏం జరుగుతుందో చూస్తే ఈ భయం దారి తప్పిందనిపిస్తుంది. మైక్రోవేవ్‌తో ఉన్న అసలు చిక్కు అది చేసే పనిలో కన్నా, చేయకుండా సగంలో వదిలేసే పనిలోనే ఎక్కువ.

దీని కథ వంటింట్లో మొదలవలేదు. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు శత్రు విమానాలను పసిగట్టే రాడార్ కోసం కేవిటీ మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. రాగి దిమ్మెలో గుండ్రంగా తొలిచిన గుంటలు, నడుమ వేడెక్కి ఎలక్ట్రాన్లను వెదజల్లే కడ్డీ, ఆ ఎలక్ట్రాన్ల దారి వంచి సుడి తిప్పే అయస్కాంతం, స్థూలంగా ఇంతే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే సీసా ఒక శ్రుతిలో మోగుతుంది. అలాగే గుంటల అంచుల పక్కనుంచి సాగిపోయే ఎలక్ట్రాన్లు వాటిని మోగిస్తాయి, ఆ మోత మైక్రోవేవ్ తరంగాలై బయటికొస్తుంది. యుద్ధంలో చిక్కుకున్న బ్రిటన్ ఆ ఏడాది సెప్టెంబరులోనే టిజర్డ్ అనే శాస్త్రజ్ఞుడి బృందం చేత ఈ రహస్యాన్ని అమెరికాకు పంపించింది. అక్కడ మాగ్నెట్రాన్లను పెద్ద ఎత్తున తయారుచేసిన రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు ఉండేవాడు, బడి చదువు కూడా పూర్తిచేయనివాడు. పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే అతని జేబులోని మిఠాయి కరిగిపోయిందని చెబుతారు. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు గానీ, నా దృష్టిలో గొప్పదనం మిఠాయి కరగడంలో లేదు. మొక్కజొన్న గింజలు తెప్పించి పేల్చి చూద్దామన్న ఆలోచన రావడంలో ఉంది. 1945 అక్టోబరులో అతను పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1947లో రాడారేంజ్ పేరుతో వచ్చిన మొదటి ఓవెన్ మనిషెత్తు ఉండేది, సుమారు 340 కిలోలు తూగేది, దాన్ని చల్లబరచడానికి నీళ్ల గొట్టం కావాల్సివచ్చేది. గట్టు మీద పట్టే ఓవెన్‌ను అమానా కంపెనీ 495 డాలర్లకు అమ్మింది 1967లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత.

రాడార్ వారసత్వమే బహుశా దీనికి చెడ్డపేరు తెచ్చిపెట్టింది. 'రేడియేషన్' అన్న మాట వినగానే మనసు హిరోషిమా దాకా పోతుంది. ఓవెన్ తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది, దాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. డీఎన్ఏను దెబ్బతీసే ఎక్స్‌రేల్లో ఒక్కో ఫోటాన్‌కు అణువులోంచి ఎలక్ట్రాన్‌ను పెకలించేంత బలముంటుంది. మైక్రోవేవ్ ఫోటాన్‌కు మామూలు వెలుతురు ఫోటాన్ శక్తిలో లక్షో వంతు కూడా ఉండదు. ఆ లెక్కన ఓవెన్ లోపల మినుకుమనే బుల్లి బల్బే ఎక్కువ భయపెట్టాలి. ఈ తరంగాలు చేయగలిగిందల్లా నీటి అణువులను అటూ ఇటూ తిప్పడం. నీటి అణువుకు ఒక కొస ధనం, ఒక కొస రుణం. తరంగంలోని విద్యుత్ క్షేత్రం దిశ మార్చినప్పుడల్లా అణువు దాని వెంట తిరగబోయి పక్క అణువులతో ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడే వేడి. స్విచ్ ఆగిన మరుక్షణం తరంగాలు మాయమవుతాయి. దీపం ఆర్పాక గదిలో వెలుతురు నిలవనట్టే అన్నంలో కిరణాలూ నిలవవు.

కిరణాలు బయటికి కారితే ఏమిటన్న ప్రశ్న దీనికన్నా సబబైనది. ఎక్కువ మోతాదులో మైక్రోవేవ్‌లు కంటి కటకాన్ని వేడెక్కించి శుక్లాలు తెప్పించగలవు. కటకంలో రక్తనాళాలు లేవు గనుక వేడిని మోసుకుపోయే దారి అక్కడ ఉండదు. తలుపు అద్దం వెనక కనిపించే చిల్లుల రేకు ఇందుకే. 12 సెంటీమీటర్ల తరంగానికి మిల్లీమీటరు చిల్లి గోడతో సమానం, వెలుతురు మాత్రం దూరి వస్తుంది. 1971 నుంచి అమెరికా నిబంధన ప్రకారం ఓవెన్ ఎంత పాతదైనా, దానికి 5 సెంటీమీటర్ల దూరంలో లీకేజీ చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు. దూరం జరిగేకొద్దీ అదీ వేగంగా తగ్గిపోతుంది. అయినా 1973లో అక్కడి వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ ఏ ఓవెన్‌నూ సిఫారసు చేయలేనని రాసింది. అప్పటికి ఆ జాగ్రత్త తప్పనలేం. కొత్త యంత్రాన్ని నిలదీసేవాళ్లు ఉండబట్టే తలుపు తీయగానే ఆగిపోయే స్విచ్చులు ఒకటికి రెండు పెట్టడం రివాజైంది. తలుపు ఒంగినా, సీలు చెడినా మాత్రం దాన్ని వాడటం ఆపేయాల్సిందే.

పోషకాలు పోతాయన్న వాదన కూడా విడిగా చూస్తే నిలవదు. సి విటమిన్ వంటివాటిని తినేసేవి వేడి, సమయం, ఒంపేసే నీళ్లు. కూరగాయల్ని నిండా నీళ్లు పోసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే ఏ పొయ్యి మీదైనా నష్టమే. రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతపెట్టి కొద్ది నిమిషాల్లో దించే మైక్రోవేవ్ ఈ విషయంలో ఆవిరి మీద ఉడికించడానికి దగ్గరగా ఉంటుంది. పైగా తడి ఉన్నంతసేపూ పదార్థం నీరు మరిగే వేడిని పెద్దగా దాటదు కాబట్టి మాడటం తక్కువ.

ఇక అసలు చిక్కు. తరంగాలు పెట్టె గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల చచ్చుపడతాయి. పళ్లెం గిరగిరా తిరిగేది ఆ తేడాను సర్దడానికే, అయినా పూర్తిగా సర్దలేదు. తరంగాలు పదార్థంలోకి చొచ్చుకుపోయేది రెండు మూడు సెంటీమీటర్లే. లోపలినుంచి వండుతుందన్న మాట అబద్ధం, గడ్డకట్టిన ముద్ద నడుమకు వేడి నెమ్మదిగా పాకాల్సిందే. మంచు ఈ తరంగాలను అంతగా పీల్చుకోదు, నీరు బాగా పీల్చుకుంటుంది. ఫ్రీజర్లోంచి తీసిన కూరలో ముందు కరిగిన మూల ఇంకా ఇంకా వేడెక్కిపోతే, గడ్డకట్టిన మూల అలాగే ఉండిపోతుంది. 2007లో అమెరికాలో మైక్రోవేవ్‌లో వండుకునే గడ్డకట్టిన మాంసపు పైల వల్ల 400 మందికి సాల్మొనెల్లా సోకింది. అక్కడ జబ్బు చేయించింది కిరణాలు తగలని భాగం. సీసాలో పాలు వేడిచేసి పసిబిడ్డకు పట్టవద్దనేదీ ఇందుకే: సీసా గోరువెచ్చగా తగులుతుంది, లోపల ఒకచోట పాలు నోరు కాల్చేంత వేడిగా ఉండొచ్చు. సాంబారైనా పప్పైనా మధ్యలో ఆపి కలియబెట్టి, మళ్లీ పెట్టి, పొగలొచ్చాక ఒక నిమిషం అలా వదిలేస్తే వేడి సర్దుకుంటుంది. అన్నం సంగతి వేరు. వండి గంటల తరబడి బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విడిచే విషం వంటింటి వేడికి లొంగదు. మైక్రోవేవ్ ఉంది కదా అని రాత్రి అన్నాన్ని గట్టు మీదే వదిలేసే ధీమా ఆ యంత్రం కన్నా ప్రమాదకరం.

గిన్నె విషయంలో మాత్రం అనుమానపరుల వైపే నేనూ. మన ఇళ్లలో ఉన్నదంతా స్టీలు, అది లోపల పెట్టకూడదు. దాంతో చేయి హోటల్ పార్సిల్ డబ్బా మీదికి పోతుంది. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లల ఆహారపు ప్లాస్టిక్ డబ్బాలను మూడు నిమిషాలు మైక్రోవేవ్ చేస్తే, కొన్నిట్లో చదరపు సెంటీమీటరుకు 40 లక్షలకు పైగా మైక్రోప్లాస్టిక్ కణాలు, 200 కోట్లకు పైగా నానో కణాలు రాలాయి. అవి ఒంట్లో ఏం చేస్తాయో శాస్త్రం తేల్చే లోపు గాజు గిన్నెలు రెండు కొనుక్కోవడం తేలిక.

మరి కొనాలా? ఖర్చు లెక్క కడితే మొగ్గు ఎటూ లేదు. పావు లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు తేవడానికి 63 కిలోజౌళ్లు కావాలి. 800 వాట్ల ఓవెన్‌కు అది నిమిషం ఇరవై సెకన్ల పని, కరెంటు యూనిట్‌లో నలభయ్యో వంతు. అదే పని గ్యాసు పొయ్యి రెండు గ్రాముల గ్యాసుతో చేస్తుంది. పరిమాణం పెరిగేకొద్దీ ఓవెన్‌కు సమయం అదే లెక్కన పెరిగిపోతుంది కాబట్టి ఆరుగురికి అన్నం వండాలంటే కుక్కరే మేలు. ఒకరిద్దరుండే ఇంట్లో, వేళకు తినడం కుదరని ఉద్యోగాల్లో, ఒక్కో కంచం విడివిడిగా వేడి చేసుకునే చోట మైక్రోవేవ్ తన ఖరీదు రాబట్టుకుంటుంది. వాడనప్పుడు ప్లగ్ దగ్గర స్విచ్ ఆపాలి, లేదంటే గడియారం అంకెలే ఏడాది పొడవునా కరెంటు తాగుతుంటాయి. నూనె లేకుండా అప్పడాలు కాలుస్తుంది, నాలుగు చుక్కల నీళ్లు చల్లితే నిన్నటి ఇడ్లీని మెత్తబరుస్తుంది. పోపు మాత్రం పెట్టలేదు. నూనెలో నీరు లేదు, దాని అణువులు ఈ తరంగాలకు పెద్దగా కదలవు. ఆవాలు చిటపటలాడాలంటే గరిటె పొయ్యి మీదికి ఎక్కాల్సిందే.