'విధి'కి పుట్టిల్లు తెలుగే

తమిళనాట స్థిరపడిన మన ఇళ్లలో 'విధి' సినిమా గుర్తులేని పెద్దలు అరుదు. 1984లో వచ్చిన ఆ చిత్రంలోని కోర్టు సంభాషణలు క్యాసెట్లుగా ఊరూరా మోగాయి. దాని మాతృక మన 'న్యాయం కావాలి' (1981) అని మాత్రం పిల్లలకు తెలియదు. డి. కామేశ్వరిగారి నవల 'కొత్త మలుపు' ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి తీశారు.

ప్రేమించి మోసపోయిన అమ్మాయి కోర్టుకెక్కుతుంది. ఆమె తరఫు లాయరు కూడా ఒకనాడు అలా మోసపోయినదే. ఆమెను వంచించినవాడే ఎదుటి లాయరు, ఆ కుర్రవాడి తండ్రి! తెలుగులో శారద, జగ్గయ్య. తమిళంలో సుజాత, జైశంకర్.

ఆ రోజుల్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ వివాహేతర సంతానానికీ భరణం ఇప్పించేది. అయితే నెలకు రూ.500 మించకూడదు. 2001లో ఆ పరిమితి తొలగింది. కానీ భరణం ఒకటి, తండ్రినని ఒప్పుకోవడం మరొకటి. బ్యాంకు ఫారంలో 'తండ్రి పేరు' గడి దగ్గర కలం ఆగిపోయిన తల్లులను నేను చూశాను. ఆ ఖాళీని ఏ మొత్తమూ పూరించలేదు.

ఏ భాషలోనైనా సరే, ఈ సినిమాను ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ చూపించండి. వాళ్లకే ఎక్కువ అవసరం.