పక్క గదిలో టీచరు

మొన్న మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాం. లెక్కల టీచరు, "ప్రశ్న పూర్తిగా చదవకుండానే లెక్క మొదలుపెడుతుంది" అన్నారు. ఇంగ్లీషు టీచరు, "చదువుతుంది గాని, చదివింది అర్థం కావటం లేదు" అన్నారు. జబ్బు ఒకటే, లక్షణాలు రెండు! ఇద్దరివీ పక్కపక్క గదులే. మాట్లాడుకునే తీరిక లేదట. బడి వదిలాక కమిటీ మీటింగులట.

ఇంగ్లండు కౌన్సిలు బడుల్లో పూర్తికాలం టీచరుకు హెడ్ టీచరు సాధారణంగా ఏడాదికి 195 రోజుల్లో 1265 గంటల పనే చెప్పవచ్చు. పాఠాలూ మీటింగులూ అందులోవే. 2005 నుంచి బోధన వేళలో కనీసం పదోవంతు పాఠాల తయారీకి వదులుతున్నారు గాని, దాన్ని ఎలా వాడుకోవాలన్నది టీచరు ఇష్టం. కాబట్టి ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాలంటే మీటింగుల గంటల్లోంచే తీయాలి.

పిల్లల భద్రత వంటివి కదపకూడదు, సరే. మిగతా వాటిలో ఏ కమిటీ ఉండాలో, దేనికి ఒక కాగితం చాలో ఆ బడివాళ్ళకే వదిలేయవచ్చు కదా. వార్డులో డ్యూటీ మారేటప్పుడు పావుగంట రోగుల సంగతి చెప్పుకోకపోతే ఏమవుతుందో మన డాక్టర్లకు వేరే చెప్పాలా?

త్వరలో పేరెంట్ గవర్నరు ఎన్నిక ఉంది. నిలబడతానంటే, "అదీ ఇంకో కమిటీయేగా!" అంటోంది మా ఆవిడ.