ఆటకు ముఖచిత్రము

ఇద్దరు ముగ్గురు కలిసి నిర్మించిన, కారు నడిపే కంప్యూటర్ ఆటకు ప్రకటనలకై వెచ్చించే ధనము ఉండదు. స్టీమ్ వంటి అంగడిలో దాని పక్షాన మాట్లాడేవి ఒక చిన్న బొమ్మ, నాలుగు వాక్యాలు. వాటిని గురించి మేము తెలిసికొన్నది ఇచ్చట మనవి చేస్తున్నాము.

జాబితాలలో ఆ బొమ్మ తపాలా బిళ్ళంతగా కనిపిస్తుంది. కనుక ఒక కారు, ఒక దారి, స్పష్టమైన అక్షరాలలో పేరు ఉంటే చాలును. 2022 సెప్టెంబరు నుండి స్టీమ్ నిబంధనల ప్రకారము దానిపై పొగడ్తలు, బహుమతుల పేర్లు, తగ్గింపు ధరలు వ్రాయరాదు.

వర్ణనలో విశేషణాలకంటె క్రియలు మేలు. 2018లో పూర్తిరూపములో వెలువడిన 'జలోపీ'ని చూడండి. అందులో పందెము లేదు. తూర్పు జర్మనీ నాటి పాత కారును బాగుచేసుకొంటూ దేశాలు దాటుటయే ఆట. ఈ మాటే మొదటి వాక్యము కావలెను. అట్టి ఆటకు పందెపు కారు బొమ్మ వేస్తే కొందరు కొనవచ్చును. కాని కొన్న 14 రోజులలో, రెండు గంటలకు లోపుగా ఆడినవారు సొమ్ము వాపసు కోరవచ్చును. బొమ్మ చెప్పిన అబద్ధము మొదటి మలుపులోనే బయటపడుతుంది.

చిన్న నిర్మాతకు నిజమే చవకైన ప్రకటన అని మా విశ్వాసము.