గొంతు సవరించుకున్న సౌండ్‌బార్!

తెర మీద సావిత్రి పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం అరక్షణం ఆగి, తీరిగ్గా వస్తోంది! ‘మిస్సమ్మ’ చూస్తున్న మా నాన్నగారు విసుక్కున్నారు. “ఇదేమిట్రా, తెలుగు సినిమా తెలుగులోకే డబ్బింగ్ చేసినట్టుంది!” అని టీవీ కట్టేశారు. రెండ్రోజులు మళ్ళీ పెట్టలేదు.

నవ్వులాటకి చెప్పడం లేదు సుమండీ. ఆయనకి వినికిడి కాస్త తగ్గింది. పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. ఆ రెండూ కలవకపోతే ఆయనకి సినిమా లేనట్టే!

టీవీ సెట్టింగుల్లో సౌండు ఆలస్యాన్ని సరిచేసే మీట ఒకటుంది. తిప్పి చూశాను. అది సౌండుని వెనక్కి నెడుతుందే గానీ ముందుకి లాగదు. మా గొడవేమో సౌండు వెనకబడటం! కేబుల్ మార్చాను... ఊహూఁ. చివరికి కంపెనీ సైట్లో మా మోడల్‌కి కొత్త ఫర్మ్‌వేర్ కనిపించింది. టీవీతో సింక్ సవరించామని రాశారు.

ఫర్మ్‌వేర్ అంటే బార్ లోపలి చిప్‌లో కూర్చున్న ప్రోగ్రాం. వచ్చిన సౌండుని విప్పి, ఏ స్పీకర్‌కి ఏది పంపాలో చెప్పేది అదే. డైరెక్టరన్న మాట! 1986లో కృష్ణగారి ‘సింహాసనం’ తెలుగులో తొలి 70 ఎం.ఎం.గా వచ్చినప్పుడు ఆరు ట్రాకుల సౌండు కోసం జనం థియేటర్లకి పరిగెత్తారట. ఇప్పుడా హంగామా అంతా ఈ చిన్న ప్రోగ్రాం చేతిలో ఉంది.

డైరెక్టర్ని మారిస్తే లాభమా, నష్టమా? రెండూ ఉన్నాయి. 2020లో వచ్చిన సోనోస్ ఆర్క్‌కి పుట్టుకతో డీటీఎస్ రాదు. 2021 చివర్లో అప్‌డేట్‌తోనే నేర్చుకుంది. శామ్‌సంగ్ క్యూ990డీ కథ వేరు. 2025 మార్చిలో వచ్చిన 1020.7 అప్‌డేట్‌తో చాలా ఇళ్ళలో అది మూగబోయింది. కంపెనీయే రిపేరు చేయాల్సి వచ్చింది! అందుకే, ఏ ఇబ్బందీ లేని బార్‌కి వచ్చిన రోజే అప్‌డేట్ వేసెయ్యకండి. నాలుగు వారాలు ఆగి చూడండి. మాకు ఆగే వీల్లేదు. పైగా వారంటీ అంతకు ముందు నెలే అయిపోయింది!

మోడల్ నెంబరు అక్షరం అక్షరం సరిచూసుకుని ఫైలు దించాను. జిప్ విప్పి, ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఫోల్డర్‌లో దాచకూడదు, పేరు మార్చకూడదు. అన్నట్టు, బార్ ప్లగ్గుని కంప్యూటర్ యూపీఎస్‌కి తగిలించాను. చిప్‌లో పాతది చెరిపి కొత్తది రాసేటప్పుడు కరెంటు పోతే, బార్ అటూ ఇటూ కాకుండా ఆగిపోవచ్చు.

మా వీధి కరెంటు సంగతి నాకు తెలుసు కదా! డిస్‌ప్లేలో 62 శాతం కనిపిస్తుండగా ఫ్యాన్ ఆగింది. యూపీఎస్ కుయ్యిమంది. నాన్నగారు చీకట్లోంచి “పోయిందా?” అన్నారు. పోలేదు. అంకెలు పాకుతూనే ఉన్నాయి... 70... 85... బార్ తనంతట తానే ఆరి, మళ్ళీ వెలిగింది.

కరెంటొచ్చాక ‘మిస్సమ్మ’ మళ్ళీ పెట్టాం. ఒకటి ఒప్పుకోవాలి లెండి, 1955 నాటి మోనో సౌండుని ఏ ఫర్మ్‌వేరూ అట్మాస్ చెయ్యలేదు. మాక్కావలసింది అది కాదుగా!

సావిత్రి నోరు విప్పింది. మాట అప్పుడే వచ్చింది.

నాన్నగారు కాసేపు తెరకేసే చూసి, “కొంచెం సౌండు తగ్గించరా, పక్కింటివాళ్ళు పడుకునుంటారు” అన్నారు.